మూడున్నర డిగ్రీల రొద

విశ్వం కథ: 9వ భాగం

కిందటి భాగం 1929లో ఆగింది. గెలాక్సీలు మన నుంచి దూరంగా జరిగిపోతున్నాయని, ఎంత దూరాన ఉన్నది అంత వేగంగా పోతోందని ఎడ్విన్ హబుల్ చూపించాడు. అంతకు రెండేళ్ల ముందే బెల్జియం దేశపు మతగురువు జార్జ్ లెమైత్ర్ ఇదే సంగతి ఐన్‌స్టీన్ సమీకరణాల్లోంచి బయటికి తీశాడు. 1931లో ఇంకో అడుగు ముందుకేసి, ఇప్పుడు విడిపోతున్నవన్నీ ఒకప్పుడు ఒక్కచోటే కిక్కిరిసి ఉండాలన్నాడు. తర్కం బాగానే ఉంది. కానీ సుమారు 1,380 కోట్ల ఏళ్ల కిందటి ఘటనకు సాక్ష్యం ఎవరు చెబుతారు?

సాక్ష్యం ఉంది. ఆకాశంలో ఏ మూలకు చూసినా ఉంది. 1941 నుంచి 1964 దాకా అది కనీసం అరడజను మంది చేతికి చిక్కినట్టే చిక్కి జారిపోయింది. పాఠ్యపుస్తకాల్లో మాత్రం ఈ కథ ఇద్దరు శాస్త్రవేత్తలు, ఒక జత పావురాలు, కాస్త అదృష్టం అంటూ రెండు పేరాల్లో తేలిపోతుంది. ఆ పొట్టి కథతో నాకు పేచీ ఉంది. అందుకే ఈ భాగమంతా దానికే కేటాయిస్తున్నాను.

ముందు జార్జ్ గామోవ్ సంగతి. ఒడెస్సాలో పుట్టి, లెనిన్‌గ్రాడ్‌లో అలెగ్జాండర్ ఫ్రీడ్‌మన్ దగ్గర పాఠాలు విన్న మనిషి. విశ్వం వ్యాకోచించడం సాధ్యమేనని 1922లో మొదట లెక్కగట్టి చెప్పింది ఆ ఫ్రీడ్‌మనే. స్టాలిన్ రష్యాలో ఊపిరాడక గామోవ్ 1932లో భార్యను వెంటబెట్టుకుని, తెడ్లు వేసుకునే చిన్న పడవలో నల్ల సముద్రం దాటి తుర్కీకి పారిపోవాలని చూశాడు. గాలివాన వాళ్లను ఒడ్డుకే తోసేసింది. మరుసటి ఏడు బ్రస్సెల్స్‌లో ఒక శాస్త్ర సమావేశానికని ఇద్దరూ బయల్దేరి, ఇక వెనక్కి పోలేదు. వాషింగ్టన్ నగరంలో ఆచార్యుడిగా కుదురుకున్నాక ఆయన దగ్గర పరిశోధన చేయడానికి రాల్ఫ్ ఆల్ఫర్ అనే కుర్రవాడు చేరాడు.

మూలకాలన్నీ ఎక్కడ తయారయ్యాయన్నది వాళ్లు పట్టుకున్న ప్రశ్న. విశ్వం పుట్టిన మొదటి కొద్ది నిమిషాల్లోనే, ఆ మహా వేడిలోనే అని గామోవ్ అనుకున్నాడు. 1948 ఏప్రిల్ 1న అచ్చయిన వ్యాసంలో ఆల్ఫర్, గామోవ్ అన్న పేర్ల మధ్య హాన్స్ బేథే పేరును కూడా ఇరికించాడు. ఆ పనితో బేథేకు ఏ సంబంధమూ లేదు. గ్రీకు అక్షరమాలలోని ఆల్ఫా, బీటా, గామాల వరస కుదురుతుందన్న సరదా అంతే. లోకం నవ్వుకుంది. లెక్కలన్నీ చేసిన ఆల్ఫర్‌కు నవ్వు రాలేదు. ఇద్దరు ప్రఖ్యాతుల నడుమ తన పేరు ఎవరి కంటా పడదని అతని బెంగ. ఆ బెంగ ఎంత సబబో ముందుముందు చూస్తాం.

అదే ఏడాది చివర్లో ఆల్ఫర్, అతని సహచరుడు రాబర్ట్ హెర్మన్ కలిసి 'నేచర్' పత్రికలో ఒక చిన్న లేఖ వేశారు. విశ్వ పరిణామం అన్నదే దాని శీర్షిక. మూలకాల వంట ముగిశాక ఆ వేడి ఏమైపోయినట్టు? వాళ్లు అడిగింది ఇదే. చాలా మామూలు ప్రశ్న. అంతకుముందు ఇలా సూటిగా ఎవరూ అడగలేదు.

తొలినాళ్ల విశ్వంలో ఎలక్ట్రాన్లు, కేంద్రకాలు విడివిడిగా తిరిగేవి. వెలుతురు ఒక దారిన సాగే వీల్లేకుండా అడుగడుగునా ఎలక్ట్రాన్లకు తగిలి చెదిరిపోయేది. అటూ ఇటూ కనిపించని, మండుతున్న మంచుతెర అది. విశ్వం సాగేకొద్దీ చల్లబడింది. సుమారు 3,80,000 ఏళ్లకు వేడి 3,000 డిగ్రీల దరిదాపుల్లోకి దిగింది. అప్పుడు ప్రోటాన్లు ఎలక్ట్రాన్లను పట్టి ఉంచుకోగలిగాయి, హైడ్రోజన్ పరమాణువులు ఏర్పడ్డాయి. ఏ వేడిలో ఎన్ని పరమాణువులు ఎలక్ట్రాన్లను పోగొట్టుకుంటాయో చెప్పే సమీకరణం మన మేఘనాద్ సాహాది. నక్షత్రాల వర్ణపటాలను అర్థం చేసుకోవడానికి ఆయన 1920లో ప్రకటించాడు. విశ్వంలో ఆ మంచుతెర ఎప్పుడు విడిపోయిందో లెక్కగట్టాలంటే ఇప్పటికీ మొదట పలకాపుల్లా పట్టేది దానితోనే.

తెర విడిపోగానే వెలుతురుకు దారి దొరికింది. ఆనాడు బయల్దేరిన ఆ వెలుతురు ఈనాటికీ ప్రయాణం చేస్తూనే ఉంది. విశ్వానికి బయటంటూ ఏదీ లేదు కాబట్టి అది జారిపోయే చోటు కూడా లేదు. కాకపోతే విశ్వంతో పాటు దాని తరంగాలూ సాగాయి. దాదాపు 1,100 రెట్లు సాగి, కంటికి ఆనని మైక్రోతరంగాలుగా మారాయి. ఆ మిగిలిన వేడి ఇప్పుడు 5 కెల్విన్లు ఉంటుందని ఆల్ఫర్, హెర్మన్ లెక్కతేల్చారు. అంటే సెల్సియస్‌లో సున్నాకు 268 డిగ్రీలు దిగువన. అసలు విలువ 2.725 అని తర్వాత తేలింది. 1948లో ఉన్న అరకొర వివరాలతో అంత దగ్గరికి రావడం మామూలు విషయం కాదు.

దాన్ని కొలవగలరా అని వాళ్లు రేడియో పరికరాలు తెలిసినవాళ్లను అడిగి చూశారు. సాధ్యం కాదన్న జవాబే వచ్చింది. ఈలోగా గామోవ్ సిద్ధాంతానికే ఎదురుదెబ్బలు తగిలాయి. బరువు సంఖ్య 5 దగ్గర, మళ్లీ 8 దగ్గర నిలకడైన కేంద్రకం లేదు. అందుకే ఆ తొలి పొయ్యి మీద హీలియం దాకా ఉడికింది కానీ, కార్బన్, ఇనుము దాకా పోలేకపోయింది. ఆ బరువైన మూలకాలు నక్షత్రాల కడుపులో తయారవుతాయని 1957లో మార్గరెట్, జెఫ్రీ బర్బిడ్జ్ దంపతులు, విలియం ఫౌలర్, ఫ్రెడ్ హాయిల్ నిరూపించారు. ఇక మూలకాల కోసం మహావిస్ఫోటం అక్కర్లేదని చాలామంది అనుకున్నారు. ఆల్ఫర్ 1955లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలోకి, హెర్మన్ మరుసటి ఏడు జనరల్ మోటార్స్‌లోకి వెళ్లిపోయారు. లెక్క మాత్రం గ్రంథాలయాల్లో ఉండిపోయింది.

ఇప్పుడు ఆ జారిపోయిన అవకాశాల జాబితాకు వద్దాం. నిజానికి వాళ్ల లేఖ అచ్చయ్యే నాటికే జవాబు కెనడాలో ఉంది. బ్రిటిష్ కొలంబియాలోని విక్టోరియా వేధశాలలో ఆండ్రూ మెకెల్లార్ అనే శాస్త్రవేత్త సర్పధరుడనే తారామండలంలోని ఒక నక్షత్రపు వెలుగును పరిశీలించాడు. దారిలో అడ్డుగా ఉన్న మేఘంలో సయనోజన్ అణువులున్నాయి. కటిక చలిలో అవన్నీ కదలకుండా ఉండాలి. కొన్ని మాత్రం మెల్లగా తిరుగుతున్నాయి. వాటిని ఏదో కొద్దిగా వెచ్చబెడుతోంది. ఆ వేడి 2.3 కెల్విన్లని ఆయన 1941లో రాశాడు. అణు వర్ణపటాలకు ప్రామాణికంగా చెప్పుకునే గ్రంథంలో గెర్హార్డ్ హెర్జ్‌బర్గ్ ఈ సంఖ్యను ఉదహరిస్తూ, దీనికి పెద్ద అర్థమేమీ లేదన్న ధోరణిలో వ్యాఖ్యానించాడు. మెకెల్లార్ 1960లో చనిపోయాడు. తాను కొలిచింది విశ్వం మొత్తం వేడినని ఆయనకు తెలియనే లేదు.

1956 వేసవిలో కాలిఫోర్నియాలోని లా హోయాలో జరిగిన ముచ్చట ఇంకా విచిత్రం. గామోవ్ అక్కడ ఒక తెల్లటి కాడిలాక్ కారు కొన్నాడు. టాపు తీసేసిన ఆ కారులో ఫ్రెడ్ హాయిల్‌ను ఎక్కించుకుని తిప్పుతూ, విశ్వమంతా మైక్రోతరంగాలు నిండి ఉండాలని వాదించాడు. విశ్వానికి పుట్టుక లేదు, అది ఎప్పుడూ ఇలాగే ఉందనే స్థిర విశ్వవాదానికి హాయిల్ పెద్ద దిక్కు. 1949లో బీబీసీ రేడియోలో మాట్లాడుతూ మహావిస్ఫోటానికి 'బిగ్ బ్యాంగ్' అన్న పేరు పెట్టిందీ ఆయనే. గామోవ్ చెప్పే వేడి ఉండే అవకాశమే లేదని, మెకెల్లార్ కొలత ప్రకారం 3 డిగ్రీలకు మించడానికి వీల్లేదని హాయిల్ కొట్టిపడేశాడు. గామోవ్ అంతకంటే ఎక్కువ వేడి కోసం చూస్తున్నాడు. ఒకరి దగ్గర సిద్ధాంతం, పక్క సీట్లోని మనిషి దగ్గర సరైన సంఖ్య. కారు దిగి ఎవరి దారిన వాళ్లు పోయారు. ఈ సంగతి తర్వాత హాయిలే స్వయంగా రాశాడు.

మరుసటి ఏడు రష్యాలో తిగ్రాన్ ష్మావొనోవ్ అనే పరిశోధకుడు 3.2 సెంటీమీటర్ల తరంగాలలో 4 డిగ్రీల అదనపు వేడి కొలిచాడు. అటో ఇటో 3 డిగ్రీల పొరపాటు ఉండొచ్చనీ రాసుకున్నాడు. ఆ 4 మీద చర్చ జరగలేదు.

అసలు ఘట్టం న్యూజెర్సీలోని హోమ్‌డెల్ అనే ఊళ్లో, క్రాఫర్డ్ హిల్ అనే గుట్ట మీద నడిచింది. అది బెల్ టెలిఫోన్ ప్రయోగశాల స్థలం. 1960 ఆగస్టు 12న అమెరికా అంతరిక్షంలోకి ఎకో అనే ఒక పెద్ద బెలూన్‌ను పంపింది. 30 మీటర్ల అడ్డుకొలత, పైన అల్యూమినియం పూత. దాన్ని తాకి వెనక్కొచ్చే బలహీనమైన సంకేతాలను పట్టడానికి ఆ గుట్ట మీద 15 మీటర్ల పొడవున కొమ్ముబూర ఆకారంలో యాంటెన్నా కట్టారు. పక్కల నుంచి, నేల నుంచి వచ్చే తరంగాలు లోపలికి దూరకుండా ఆ ఆకారం అడ్డుకుంటుంది.

రేడియో ఇంజనీర్లు రొదను డిగ్రీల్లో కొలుస్తారు. ఏ వస్తువైనా తన వేడిని బట్టి రేడియో తరంగాలు వెదజల్లుతుంది కాబట్టి, ఫలానా వేడి ఉన్న వస్తువు ఎంత రొద చేస్తుందో దానికి సమానమని చెబుతారు. ఎకో ప్రయోగం రోజుల్లోనే ఎడ్వర్డ్ ఓమ్ అనే ఇంజనీరు ఈ యాంటెన్నా మొత్తం రొద 22.2 డిగ్రీలని కొలిచాడు. భాగాలన్నీ విడిగా కూడితే 18.9 వచ్చింది. మూడు డిగ్రీల పైచిలుకు ఎక్కడిదో తెలియలేదు. కొలతలో తప్పొప్పుల పరిధిలోనే ఉందని 1961లో రాసి ఊరుకున్నాడు. ఆయన్ని తప్పుపట్టలేం. తన లెక్కలో అంత తేడా రావచ్చని ఆయనే నిజాయితీగా చెప్పాడు.

ఆ నివేదిక మాస్కోకూ చేరింది. ఆండ్రే దోరోష్కేవిచ్, ఇగోర్ నోవికోవ్ అనే ఇద్దరు యువకులు 1964లో, తొలి వేడి మిగిలి ఉందో లేదో తేల్చడానికి హోమ్‌డెల్ యాంటెన్నాయే సరైన సాధనమని చక్కగా గుర్తించారు. ఓమ్ నివేదిక తెరిచారు కూడా. అందులో ఆకాశపు వేడి అని ఆయన రాసింది గాలి పొరల వేడి గురించి. వీళ్లేమో అందులోనే అన్నీ ఉన్నాయనుకుని, గాలి వంతు తీసేస్తే ఏమీ మిగలడం లేదని తేల్చేశారు.

అదే 1964లో అక్కడ పని మొదలుపెట్టినవాళ్లు ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్. పెంజియాస్ మ్యూనిక్‌లో పుట్టిన యూదుడు. 1939లో ఆరేళ్ల వయసులో, తమ్ముడితో కలిసి పిల్లల రైలెక్కి నాజీల బారి నుంచి ఇంగ్లండుకు తప్పించుకున్నాడు. విల్సన్ టెక్సస్ కుర్రవాడు. కాలిఫోర్నియాలో హాయిల్ పాఠాలు విని, స్థిర విశ్వవాదం వైపే మొగ్గినవాడు. వాళ్లు విశ్వం పుట్టుక కోసం వెతకలేదు. పాలపుంత చుట్టూ ఉండే పలుచని వలయం నుంచి వచ్చే రేడియో తరంగాలు కొలుద్దామనుకున్నారు. దానికి ముందుగా, పాలపుంత రొద దాదాపు వినబడని 7.35 సెంటీమీటర్ల తరంగాల దగ్గర యాంటెన్నాను సరిచూసుకుందామనుకున్నారు.

ఇక్కడే వాళ్లు ఓమ్ కంటే ముందుకు పోయింది. పెంజియాస్ ద్రవ హీలియంతో చల్లబరిచిన ఒక ప్రమాణ సాధనం తయారుచేశాడు. దాని వేడి 4 డిగ్రీల పైచిలుకు అని కచ్చితంగా తెలుసు. ఆకాశాన్ని ఒకసారి, దీన్ని ఒకసారి, మార్చి మార్చి చూశారు. నెయ్యి తూచేముందు ఖాళీ గిన్నె బరువు తీసేసే పద్ధతే ఇది. పరికరం సొంత రొద రెండువైపులా ఒకటే కాబట్టి తేడాలోంచి తొలగిపోతుంది. నడినెత్తిన ఉన్న ఆకాశం వైపు తిప్పితే 6.7 డిగ్రీలు వచ్చింది. గాలి పొరలకు 2.3, యాంటెన్నా లోహానికి, నేల వైపు నుంచి వచ్చేదానికి కలిపి 0.9. మిగిలింది 3.5. ఓమ్ వదిలేసిన మొత్తం దాదాపు అదే. వీళ్ల సాధనం ముందు మాత్రం దాన్ని పొరపాటు ఖాతాలో వేసే వీల్లేకపోయింది.

న్యూయార్క్ నగరం వైపు తిప్పి చూశారు, అదే రొద. పగలు, రాత్రి, ఎండాకాలం, చలికాలం, ఎప్పుడు చూసినా అదే. 1962లో అమెరికా వాళ్లు ఆకాశంలో పేల్చిన అణుబాంబు తాలూకు ఎలక్ట్రాన్లేమోనని అనుమానించారు. అదే అయితే నెలలు గడిచేకొద్దీ తగ్గాలి, తగ్గలేదు. అతుకులన్నిటి మీదా అల్యూమినియం పట్టీలు అంటించారు. బూర లోపల ఒక పావురాల జంట కాపురం పెట్టి గోడలకు రెట్ట పూసింది. వాటిని బోనులో పట్టి దూరానున్న కంపెనీ శాఖకు పంపిస్తే, ఇంటిదారి ఎరిగిన జాతి కావడంతో తిరిగొచ్చేశాయి. చివరికి తుపాకీకి బలయ్యాయి. రెట్టంతా కడిగినా రొదలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పావురాలు ఈ కథలో సరదా కోసమే తప్ప విషయానికి వాటితో పని లేదు. ఆ బోను మాత్రం ఇప్పుడు వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది.

హోమ్‌డెల్‌కు కారులో గంట ప్రయాణంలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం. అక్కడ రాబర్ట్ డికీ బృందం సరిగ్గా ఈ రొద కోసమే యాంటెన్నా కడుతోంది. జిమ్ పీబుల్స్ అనే కుర్రవాడు సిద్ధాంతం లెక్కగట్టాడు, డేవిడ్ విల్కిన్సన్, పీటర్ రోల్ పరికరం బిగిస్తున్నారు. ఆల్ఫర్, హెర్మన్‌ల లేఖ వాళ్లెవరికీ తెలియదు. అంతకంటే వింత ఇంకోటుంది. యుద్ధకాలంలో రాడార్ పని చేసిన డికీ, 1946లో తాను కనిపెట్టిన పరికరంతోనే ఆకాశపు వేడి 20 డిగ్రీల లోపేనని కొలిచి ప్రకటించి, ఆ సంగతే మరిచిపోయాడు. అది అచ్చయిన 'ఫిజికల్ రివ్యూ' సంపుటంలోనే, ఇంకొన్ని పేజీల తర్వాత, విస్తరించే విశ్వంలో మూలకాల పుట్టుక మీద గామోవ్ వ్యాసం ఉంది. ప్రశ్న, పరికరం ఒకే అట్టల మధ్య పద్దెనిమిదేళ్లు పడి ఉన్నాయి.

చివరికి కలిపింది నోటిమాట. పీబుల్స్ బాల్టిమోర్‌లో ఇచ్చిన ఉపన్యాసం విన్న ఒకాయన బెర్నార్డ్ బర్క్ అనే శాస్త్రవేత్తకు చెప్పాడు. వేరే పని మీద ఫోనులో మాట్లాడుతూ పెంజియాస్ తన రొద బాధ వెళ్లగక్కితే, డికీని అడిగి చూడమన్నాడు బర్క్. పెంజియాస్ ఫోను చేసేసరికి డికీ గదిలో అంతా భోజనం డబ్బాలు తెరిచి మాట్లాడుకుంటున్నారు. ఫోను పెట్టేసి డికీ, మనకంటే ముందే వాళ్లు పట్టేశారని తన బృందానికి చెప్పాడు.

1965 జులైలో రెండు వ్యాసాలు పక్కపక్కనే వెలువడ్డాయి. పెంజియాస్, విల్సన్‌ల వ్యాసానికి 4,080 మెగాసైకిళ్ల దగ్గర యాంటెన్నా అదనపు వేడి కొలత అన్న పొడి పేరు. విశ్వం అన్న మాట జోలికే వాళ్లు పోలేదు. కారణం కావాలంటే పక్క వ్యాసం చూడమని ఒక వాక్యం రాసి వదిలేశారు. సిద్ధాంతం ఎటు పోయినా కొలత నిలవాలన్నది వాళ్ల పట్టుదల. అందుకే దీన్ని అదృష్టం అంటే నేను ఒప్పుకోను. అదృష్టం ఓమ్ గుమ్మం ముందు కూడా నిలబడింది. మూడున్నర డిగ్రీలను ఏడాది పాటు వదలకుండా వెంటాడటం వేరే గుణం. పత్రికలు మాత్రం ఆగలేదు. మే 21నే న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో విశ్వం పుట్టుకకు ఆధారం దొరికిందని వేసేసింది.

డిసెంబరులో రోల్, విల్కిన్సన్ ఇంకో తరంగం దగ్గర కొలిచారు. 3 డిగ్రీలే వచ్చింది. మెకెల్లార్ పాత కాగితాలు దుమ్ము దులిపి తీస్తే, ఆ 2.3 కూడా ఇదేనని తేలింది. పాత డబ్బా టీవీలో దూరదర్శన్ ప్రసారాలు ముగిశాక తెర మీద గలగలలాడిన తెల్లచుక్కలు గుర్తున్నవాళ్లకు ఒక మాట. వాటిలో నూటికి ఒక వంతు దాకా ఈ తొలి వెలుతురు పుణ్యమే. ఇక లెమైత్ర్ 1966 జూన్‌లో కన్నుమూసే ముందు, ఆసుపత్రి మంచం మీద ఈ వార్త విన్నాడు.

స్థిర విశ్వవాదులు అంత తేలిగ్గా చేతులెత్తలేదు. హాయిల్, ఆయన శిష్యుడు మన జయంత్ నార్లీకర్, ఇది నక్షత్రాల వెలుగే దుమ్ముకు తగిలి చల్లబడి ఉండొచ్చని చాలాకాలం వాదించారు. ఆ వాదానికి గట్టి దెబ్బ 1990 జనవరిలో తగిలింది. కోబ్ ఉపగ్రహం కొలిచిన వర్ణపటాన్ని జాన్ మాథర్ ఖగోళ శాస్త్రవేత్తల సభలో తెర మీద చూపించగానే సభంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కొలత బిందువులు సిద్ధాంతపు గీత మీద కూర్చున్నట్టున్నాయి.

పెంజియాస్, విల్సన్‌లకు 1978లో నోబెల్ వచ్చింది, పీబుల్స్‌కు 2019లో. డికీకి రాలేదు. ఆల్ఫర్, హెర్మన్‌లకూ రాలేదు. 1965 నాటి ప్రిన్స్‌టన్ వ్యాసంలో వాళ్ల 5 డిగ్రీల ప్రస్తావన కూడా లేదు. ఆల్ఫర్ ఈ చేదును దాచుకోలేదు, దాచుకోవాల్సిన పనీ లేదు. అమెరికా జాతీయ విజ్ఞాన పతకం 2007 జులైలో ఆయన కొడుకు చేతికి అందింది. తండ్రి రాలేని స్థితిలో ఉన్నాడు. రెండు వారాలకే పోయాడు.

ఎటు తిప్పినా ఒకే రొద అన్నది హోమ్‌డెల్‌లో బలం. తర్వాత అదే తలనొప్పిగా మారింది. విశ్వం తొలినాళ్లలో అంతా అంత సమంగా పరుచుకుని ఉంటే గెలాక్సీలు ఎక్కడ మొలిచినట్టు? ఒకచోట రవ్వంత ఎక్కువ, ఒకచోట రవ్వంత తక్కువ ఉంటే తప్ప గురుత్వాకర్షణకు పట్టు దొరకదు. ఆ రవ్వంత తేడా కోసం విమానాలు, బెలూన్లు ఎగరేసి 27 ఏళ్లు వెతికారు. 1992 ఏప్రిల్‌లో కోబ్ దాన్ని పట్టింది. లక్షలో ఒక వంతు. అంత తక్కువ తేడా నుంచి గెలాక్సీల గుంపులు పెరగడానికి కంటికి కనిపించే పదార్థం చాలదు. కనిపించనిది ఇంకేదో అంతకు అయిదింతలు ఉండాలి. వచ్చే భాగం ఆ కనిపించని పదార్థం గురించి.